గుమ్మటం కింద గుహ, కొండ కింద గుహ

1893లో షికాగో నగరం మిషిగన్ సరస్సు ఒడ్డున జరిపిన ప్రపంచ ప్రదర్శనలో ఒక గుహ ఉండేది. ఉద్యానవన భవనం నడుమ ఉన్న పెద్ద గాజు గుమ్మటం కింద తాటి జాతి చెట్లతో, ఫెర్న్ మొక్కలతో ఒక కొండను పేర్చి, ఆ కొండ కడుపులో ఈ గుహను కట్టారు. దక్షిణ డకోటా రాష్ట్రంలో బ్లాక్ హిల్స్ అనే కొండల వరస ఉంది. అక్కడి మామత్ క్రిస్టల్ కేవ్ అనే అసలు గుహకు ఇది నకలు. అసలు గుహలోంచి ఊడదీసి తెచ్చిన స్ఫటికాలను గోడలకు తాపి, విద్యుద్దీపాల వెలుగులో జనానికి చూపించారు.

నేను సింగరేణి భూగర్భ గనుల్లో సర్వేయర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. నేల కింది చీకటికి కొలతలు తీయడమే నా ఉద్యోగంగా గడిచింది. ఈ గుహ గురించి చదివినప్పటి నుంచి రెండు చోట్లూ చూడాలని ఉండేది: నకలు నిలబడిన చోటు, స్ఫటికాలు బయలుదేరిన చోటు. మా అక్క కొడుకు షికాగో శివారు నేపర్‌విల్‌లో ఉంటాడు. వేసవి సెలవుల్లో రమ్మని పిలిచి, కారులో డకోటా దాకా తీసుకువెళతానని మాటిచ్చాడు. అతని కూతురు కూడా మాతో వచ్చింది.

శనివారం

పొద్దున్నే జాక్సన్ పార్కుకు వెళ్లాం. ప్రదర్శన జరిగిన మైదానం ఇదే. ఆరు నెలల్లో రెండు కోట్ల డెబ్బై లక్షలకు పైగా టికెట్లు తెగిన చోటు ఇప్పుడు పచ్చిక, చెట్లు, నీటి మడుగులు. జనం కుక్కలను తిప్పుకుంటున్నారు, ఎవరో చేపలు పడుతున్నారు.

మడుగు నడుమ ఉన్న ఉడెడ్ ఐలాండ్ మీదికి నడిచాం. పార్కును రూపుదిద్దిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ ఆ దీవిని భవనాలు లేకుండా చెట్లకే వదలాలని పట్టుబట్టాడు. చివరికి జపాన్ వాళ్ల మంటపానికి మాత్రం చోటిచ్చారు. ఆ మంటపం 1946లో కాలిపోయింది. అక్కడి జపాను తోట మాత్రం ఈనాటికీ చక్కగా ఉంది. దీవి పడమటి గట్టున నిలబడి ఎదుటి ఒడ్డు వైపు చూస్తే, ఉద్యానవన భవనం ఉండిన దిక్కు అదే. వెయ్యి అడుగుల పొడవు, మధ్యలో 187 అడుగుల వ్యాసం గల గుమ్మటం. నిర్మాణ శిల్పి విలియం లె బారన్ జెన్నీ. ఉక్కు చట్రం మీద ఆకాశహర్మ్యం నిలపవచ్చని షికాగోలోనే చూపించిన మనిషి ఆయన. ఇప్పుడు ఆ పక్కనే ఒబామా ప్రెసిడెన్షియల్ సెంటర్ టవర్ లేచింది. పాత గుమ్మటానికి గుర్తుగా ఒక్క రాయి కూడా కనిపించదు.

కనిపించకపోవడానికి కారణం ఉంది. ఆనాటి తెల్లటి మహాభవనాలు చాలావరకు రాతివి కావు. చట్రం నిలబెట్టి, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో జనపనార వంటి పీచు కలిపిన ముద్దను అచ్చులు పోసి బిగించారు. కొన్ని నెలలు నిలబడితే చాలునని కట్టినవి. 1894లో వరసగా జరిగిన అగ్నిప్రమాదాల్లో చాలా మేడలు కాలిపోయాయి, మిగిలినవాటిని పడగొట్టారు. అచ్చు పోసిన కొండ, తాపిన గోడలు, లోపలి దీపాలు అన్నీ ఆ లెక్కలోనే పోయాయి.

ఆ ప్రదర్శనలో కొండను అచ్చుపోసిన చోటు ఇదొక్కటే కాదు. మైదానం దక్షిణపు కొసన కొలరాడోలోని బ్యాటిల్ రాక్ అనే కొండకు నకలు కట్టి, దాని పగుళ్లలో ప్రాచీన ప్యూబ్లో ప్రజలు కొండ చరియల్లో కట్టుకున్న ఇళ్ల నమూనాలు అమర్చారు. జనం డబ్బిచ్చి లోపలికి వెళ్లి చూసేవారు. అక్కడ కుండలతో పాటు ఎండిపోయిన మనుషుల శరీరాలను కూడా ప్రదర్శనకు పెట్టారు. సమాధుల్లోంచి తవ్వి తెచ్చిన మనుషులు వాళ్లు. ఆ వస్తువులు తరవాత ఫిలడెల్ఫియాలోని పెన్ మ్యూజియానికి చేరాయి. కొండను నకలు చేయడంలో నేర్పు ఉంది, నేను కాదనను. పూడ్చిన మనిషిని పైకి తీసి టికెట్టు పెట్టడాన్ని మాత్రం ఏ కాలపు అలవాటు పేరు చెప్పీ సమర్థించలేను.

ప్రదర్శనలో వినోదాలకు కేటాయించిన మిడ్‌వే అనే దారి మీద జార్జ్ ఫెర్రిస్ మొదటి రంగులరాట్నం నిలిపిన చోటు దాకా నడిచాం. ఎత్తు 264 అడుగులు. పాప “తాతయ్యా, అది ఇప్పుడు ఎందుకు లేదు?” అని అడిగింది. సెయింట్ లూయిస్ ప్రదర్శనకు తరలించి, అది ముగిశాక 1906లో డైనమైట్ పెట్టి కూల్చేశారని చెప్పాను. తనకు అది అన్యాయంగా తోచింది.

ఆదివారం

1893 నాటి భవనాల్లో జాక్సన్ పార్కులో ఇంకా నిలిచి ఉన్న పెద్దది ఒకే ఒక్కటి, లలిత కళా భవనం. విలువైన చిత్రాలు పెట్టాలి కనుక దాన్ని ఇటుకతో, నిప్పుకు తట్టుకునేలా కట్టారు. తరవాత పైపూత తీసి సున్నపురాయి తొడిగి, 1933లో సైన్సు, పరిశ్రమల మ్యూజియంగా తెరిచారు. అదే ఏడాది షికాగోలో ఇంకో ప్రపంచ ప్రదర్శన జరిగింది. మ్యూజియం తెరిచిన రోజు నుంచీ ఉన్న ఆకర్షణ అక్కడ ఒకటుంది: నకలు బొగ్గు గని.

దాని కోసం నేను ఎంత ఎదురుచూశానో మా మేనల్లుడికే తెలుసు. లోపలికి వెళ్లగానే గని పంజరం లాంటి లిఫ్టు ఎక్కిస్తారు. గోడలు జారుతూ, చప్పుడు చేస్తూ, ఎంతో లోతుకు దిగుతున్నట్టు అనిపిస్తుంది. కింద చిన్న రైలు, బొగ్గు గోడ, కప్పుకు ఆసరాలు. ఇలినాయ్ రాష్ట్రంలోని అసలు గని నుంచి తెచ్చిన సామగ్రి అక్కడ ఉంది. చీకట్లో గైడు సేఫ్టీ దీపం పట్టుకుని, గాలిలో మీథేన్ అనే మండే వాయువు ఉంటే మంట ఎలా మారుతుందో వివరించాడు. మంట మీద నీలిరంగు టోపీ లేస్తుంది, దాని ఎత్తును బట్టి వాయువు ఎంత ఉందో అంచనా కడతారు. ఆ దీపాన్ని నేను ఎన్నో ఏళ్లు చేత్తో పట్టుకున్నాను. షిఫ్టు మొదలయ్యే ముందు ఓవర్‌మాన్ (గనిలో భద్రత చూసే అధికారి) ముఖంలో ఉండే జాగ్రత్త అంతా నాకు ఒక్కసారి గుర్తొచ్చింది.

నకలు గని నాకు నచ్చింది. ఎందుకో ఆలోచించాను. అది గనిని అందంగా చూపించాలని ప్రయత్నించదు. యంత్రం ఎలా పనిచేస్తుంది, గాలి ఎలా వస్తుంది, కప్పు ఎలా నిలుస్తుంది, మనిషి ఎలా బతికి బయటపడతాడు అన్నది చెబుతుంది. ఇల్లెందు బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. అయినా మన పిల్లల్లో ఎందరు గని లోపల ఎలా ఉంటుందో చూశారు? ఇలాంటిది హైదరాబాదులో ఒకటి ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

ఒక లోటు మాత్రం చెప్పాలి. లోపల వేడి లేదు, చెమట లేదు, బొగ్గు వాసన లేదు. గని లోతుకు దిగినప్పుడు మొదట మీద పడేది ఒత్తిడిగా ఉండే వెచ్చని గాలి. దాన్ని ఎవరూ అచ్చు పోయలేరు.

సాయంత్రం మిషిగన్ అవెన్యూలో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాం. ప్రపంచ ప్రదర్శన సందర్భంగానే అక్కడ సర్వమత మహాసభ జరిగింది. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడింది ఈ భవనంలోనే. అంతకు ఏడు నెలల ముందు, ఫిబ్రవరి 13న, సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలో తన పడమటి యాత్ర గురించి ఆయన ఉపన్యసించాడు. మన ఊళ్ల మీదుగా నడిచిన మనిషి చేరిన మెట్లు ఇవి అనుకుంటే, వాటి మీద కాసేపు కూర్చోవాలనిపించింది. కూర్చున్నాం.

సోమవారం, మంగళవారం

ఈ రెండు రోజులూ దారి. షికాగో నుంచి బ్లాక్ హిల్స్ 1500 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. లాక్రాస్ దగ్గర మిసిసిపీ నది దాటాం, సూ ఫాల్స్‌లో రాత్రి ఆగాం, మర్నాడు చాంబర్లెయిన్ దగ్గర మిస్సోరి దాటాం. నది దాటాక నేల రంగు మారుతుంది, చెట్లు తగ్గిపోతాయి, గడ్డి అలలు అలలుగా పోతూనే ఉంటుంది. బ్యాడ్‌ల్యాండ్స్‌లో ఒక గంట ఆగి, చారలు చారలుగా కోసుకుపోయిన మట్టి కొండలు చూశాం. పొరలు చదవడం అలవాటైన కళ్లకు అది పండుగ. కానీ ఆ రోజు నా మనసంతా ముందున్న కొండల మీదే ఉంది.

ఇంటి నుంచి కట్టుకొచ్చిన పులిహోర మంగళవారం మధ్యాహ్నానికి అయిపోయింది. రాత్రి హాట్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో దిగాం.

బుధవారం

విండ్ కేవ్ జాతీయ ఉద్యానవనం హాట్ స్ప్రింగ్స్‌కు ఉత్తరాన కొద్ది మైళ్ల దూరం. దారిలో దున్నల్లాంటి బైసన్ల మంద రోడ్డు దాటుతుంటే అరగంట ఆగాం. ఎర్రటి దూడలు తల్లుల వెనక పరుగెత్తుతున్నాయి.

షికాగోలో నకలు కట్టిన క్రిస్టల్ కేవ్ ఇదే కొండల్లో ఉత్తరాన పీడ్‌మాంట్ వైపు ఉంది. మేము దానికి కాక విండ్ కేవ్‌కు రావడానికి కారణం ఒక కుర్రవాడు. పేరు ఆల్విన్ మెక్‌డొనాల్డ్.

ముందు గుహ సంగతి. కొండ పక్కన ఒక చిన్న రంధ్రం ఉంది, పెద్ద మనిషి దూరడం కష్టం. గుహ లోపలి గాలి పీడనం, బయటి వాతావరణ పీడనం సమానం కావడానికి ఆ రంధ్రం గుండా గాలి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి వీస్తుంది. మాకు గుహ చూపించిన రేంజరు (ఉద్యానవన ఉద్యోగిని) ఒక రిబ్బను దాని ముందు పట్టుకుంటే అది మా వైపు ఎగిరింది. 1881లో బింగ్‌హామ్ అన్నదమ్ములు ఆ చప్పుడు విని దగ్గరికి వెళితే, లోపలి గాలికి టోపీ ఎగిరిపోయిందని చెబుతారు. గుహ చరిత్రను చాలాచోట్ల అక్కడి నుంచే మొదలుపెడతారు. ఈ ప్రాంతపు ఆదివాసులైన లకోటా ప్రజలకు మాత్రం ఈ రంధ్రం అంతకు ఎన్నో తరాల ముందే తెలుసు. తమ పూర్వికులు భూగర్భం నుంచి ఇక్కడే పైలోకానికి వచ్చారని వాళ్ల నమ్మకం. మా రేంజరు ఆ కథను ముందుగా, ఓపికగా చెప్పింది. అది నాకు ఎంతో సబబుగా అనిపించింది. 1868 ఒప్పందంలో ఈ కొండలను లకోటాలకే అని రాసిచ్చి, బంగారం బయటపడగానే 1877లో లాక్కున్నారన్న సంగతి కూడా ఇక్కడ నిలబడినప్పుడు మరవకూడదు.

1890లో జెస్సీ మెక్‌డొనాల్డ్ అనే ఆయన ఒక గనుల కంపెనీ తరఫున ఇక్కడికి కుటుంబంతో వచ్చాడు. ఖనిజమేమీ దొరకలేదు. గుహను చూపించి బతుకుదామనుకున్నారు. ఆయన కొడుకు ఆల్విన్‌కు అప్పుడు పదహారు, పదిహేడేళ్లు. కొవ్వొత్తులు, దారపు ఉండ పట్టుకుని రోజూ లోపలికి వెళ్లేవాడు. వెళ్లిన దారికి దారం పరిచేవాడు, గదులకు పేర్లు పెట్టేవాడు, బయటికొచ్చి డైరీ రాసేవాడు. తనను తాను విండ్ కేవ్‌కు శాశ్వత మార్గదర్శిగా ఆ డైరీలో చెప్పుకున్నాడు. 1891 జనవరిలోనే, ఈ గుహ చివర కనుక్కోవాలన్న ఆలోచన మానుకున్నానని రాశాడు. మానుకున్నది ఆలోచనే, తిరగడం మానలేదు.

మేము సహజ ద్వారం వైపు నుంచి సుమారు మూడు వందల మెట్లున్న దారిలో కిందికి దిగాం. లోపల 12 డిగ్రీల చలి, పాప స్వెట్టరు గట్టిగా కప్పుకుంది. బొర్రా గుహల్లోలా పైనుంచి వేలాడే ఊడలు ఇక్కడ దాదాపు లేవు. కప్పు నిండా తేనెపట్టులా కాల్సైటు అనే ఖనిజపు పలచటి రేకులు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి, దాన్ని బాక్స్‌వర్క్ అంటారు. రాతి పగుళ్లలో చేరి గట్టిపడిన ఖనిజం మిగిలి, చుట్టూ ఉన్న రాయి అరిగిపోతే ఏర్పడినది. ప్రపంచంలో ఇప్పటికి తెలిసిన బాక్స్‌వర్క్‌లో 95 శాతం దాకా ఈ ఒక్క గుహలోనే ఉందని రేంజరు చెప్పింది. కొన్ని రేకులు కాగితం కన్నా కాస్త మందం, అంతే. చేయి తగిలితే విరుగుతాయి. మెక్‌డొనాల్డ్ కుటుంబం కూడా ఆ రోజుల్లో వీటిని విరిచి అమ్మింది, ఆనాటి గుహల యజమానులందరూ చేసిన పనే అది.

ఒక చోట రేంజరు దీపాలన్నీ ఆర్పేసింది. తరవాత ఒక్క కొవ్వొత్తి దీపం వెలిగించింది. చుట్టూ నాలుగు అడుగులు తప్ప ఏమీ కనిపించలేదు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ టోపీ దీపం ఉండేది, వెనక కొలత గొలుసు పట్టే చెయిన్‌మాన్లు ఉండేవారు. గ్యాలరీ కప్పులో దిగ్గొట్టిన స్టేషన్ మేకుకు లంబపు గుండు వేలాడదీసి, థియోడొలైట్ అనే కోణాలు కొలిచే పరికరంతో కోణం చదివి, ఆ లెక్కను పై నేల మీది లెక్కతో కలుపుకునేవాళ్లం. మేము తవ్విన దారి మాకు తెలుసు. ఆ కుర్రవాడికి దారి ఎటు పోతుందో తెలియదు, చేతిలో మంట ఆరితే అగ్గిపుల్ల, అది అయిపోతే దారం. అలా మైళ్ల కొద్దీ తిరిగి, తిరిగిన చోటల్లా రాసిపెట్టాడు. సర్వేయర్లుగా మేము ఆయనకు చెయ్యెత్తి నమస్కరించాలి.

1893లో తండ్రీకొడుకులు గుహకు ప్రచారం కోసం షికాగో ప్రదర్శనకు వెళ్లారు. గుమ్మటం కింద నకలు గుహ వెలుగుతున్న ఆ ప్రదర్శనకే. ఆల్విన్‌కు టైఫాయిడ్ సోకింది. తిరిగి వచ్చాడు కానీ కోలుకోలేదు, డిసెంబరులో చనిపోయాడు. అప్పటికి ఇరవై ఏళ్లు.

అతని సమాధి గుహ ద్వారానికి దగ్గర్లో, కొండ మీద ఉంది. పైకి ఎక్కి చూశాం. రాతి మీద కంచు పలక. “మామయ్యా, ఇంత దూరం ఈయన కోసమే వచ్చావా?” అని మా మేనల్లుడు అడిగాడు. అవునన్నాను. శనివారం జాక్సన్ పార్కులో నడుస్తున్నంతసేపూ నేను వెతికింది గుమ్మటం జాడ కాదు. చీకట్లో ఒక్క కొవ్వొత్తితో తిరిగిన పిల్లవాడు, వేల దీపాలు వెలిగించిన ఆ మైదానంలో ఎటు నడిచి ఉంటాడా అని. చీకటి అతనికి ఏ హానీ చేయలేదు.

ఆల్విన్ పోయాక కుటుంబానికీ, వ్యాపార భాగస్తులకూ మధ్య గుహ ఎవరిదని తగాదా నడిచింది. గని తవ్వలేదు, సేద్యం చేయలేదు కాబట్టి ఎవరికీ హక్కు లేదని ప్రభుత్వం తేల్చింది. 1903 జనవరిలో థియొడోర్ రూజ్‌వెల్ట్ సంతకంతో అది జాతీయ ఉద్యానవనం అయింది. ఒక గుహను కాపాడటానికి ఏర్పడిన మొదటి జాతీయ ఉద్యానవనం ఇదే. ఇప్పటికి 150 మైళ్లకు పైగా పటం గీశారు, ఇంకా గీస్తున్నారు. అట్టడుగున ఉన్న చెరువుల్లో ఒకదాని పేరు విండీ సిటీ లేక్. 1968లో దాన్ని కనుగొన్నది షికాగో నుంచి సెలవుల్లో వచ్చి గుహలు కొలిచే ఔత్సాహికుల బృందం. షికాగో ఈ కొండలకు చెల్లించిన బాకీలా తోచింది నాకు ఆ సంగతి.

గురువారం

కస్టర్ ఊరికి పడమట జువెల్ కేవ్. షికాగో నకలులో తాపిన స్ఫటికాల జాతివి ఇక్కడ వాటి స్వస్థానంలో చూడవచ్చు. దారి కష్టం, ఏడు వందలకు పైగా మెట్లు ఎక్కి దిగాలి. నా మోకాళ్లు ఒప్పుకున్నాయి, అదే సంతోషం.

గుహ గోడలు మొత్తం కాల్సైటు స్ఫటికాలతో కప్పుకుపోయి ఉన్నాయి. కొన్నిచోట్ల ఆ పొర జానెడు మందం. మొనలు కుక్క పంటిలా కోసుగా ఉన్నవి కొన్ని, మేకు తలలా మొండిగా ఉన్నవి కొన్ని. ఒకప్పుడు ఈ గుహ నిండా నీరుండేది, ఆ నిశ్చలమైన నీటిలో ఇవి పెరిగాయి. మా పాప కాస్త నిరాశపడింది, ఎందుకంటే అవి తళతళ మెరవవు. సన్నని ధూళి, మట్టి పొర కప్పడంతో బూడిద రంగులో మందంగా కనిపిస్తాయి. శుభ్రం చేసి విద్యుద్దీపం కింద పెడితే మెరుస్తాయి. షికాగోలో జనం చూసి మురిసింది ఆ మెరుపునే. వాటిని తుడవకుండా, ఎవరూ ఊడదీయకుండా ఇక్కడ చూడటమే నాకు గొప్పగా ఉంది. ఎంత పెద్దవో, ఎంత దూరం వరసగా పోతాయో తెలిసేది ఇక్కడే. గోడను ముక్కలు చేస్తే ఆ లెక్క తెలియదు.

1900లో దీన్ని చూసిన మిషో అన్నదమ్ములు డైనమైట్‌తో ద్వారం వెడల్పు చేసి, స్ఫటికాల కోసం గని హక్కు రాయించుకున్నారు. 1908లో ప్రభుత్వం జాతీయ స్మారకంగా ప్రకటించింది. 1959 నుంచి హెర్బ్ కాన్, జాన్ కాన్ అనే దంపతులు ఇరవై ఏళ్లకు పైగా లోపల తిరిగి అరవై మైళ్లకు మించి కొలిచారు. ఈరోజు అది 200 మైళ్లు దాటింది. సందర్శకుల కేంద్రంలో గోడకు ఉన్న పటం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. సర్వే గీతలు ఒకదాని మీద ఒకటి పడి దారపు ఉండలా ఉన్నాయి. చివరలన్నీ తెరిచే ఉన్నాయి.

కొండ రాతిలో అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్మోర్ కూడా సాయంత్రం చూశాం. దాని గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు.

అమెరికాలోని మన తెలుగు కుటుంబాలు ఎన్నో వేసవిలో రష్మోర్ దాకా వస్తాయి, ఫొటో తీసుకుని అటునుంచి ఎల్లోస్టోన్ వెళ్లిపోతాయి. ఇంకొక్క రోజు పెట్టుకోండి. వేసవిలో గుహ టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే తీసుకోండి. పెద్దవాళ్లుంటే విండ్ కేవ్‌లో తక్కువ మెట్లున్న యాత్రను ఎంచుకోండి, పైకి రావడానికి లిఫ్టు ఉంది. జూన్‌లోనైనా స్వెట్టరు కావాలి. వేరే గుహలో తొడిగిన బూట్లు, బట్టలు వేసుకుని లోపలికి వెళ్లవద్దు, గబ్బిలాలకు బూజు రోగం పాకుతుంది. సమాధి దగ్గరికి దారి ఎటో రేంజర్లను అడిగితే చెబుతారు.